దీపం కొండెక్కితే ఆరుతుంది, మంట కొండెక్కితే?

(విశాఖపట్నంలో ఆదివారాలు కొండలెక్కే ఒక నడక బృందం వేసవి ముందు పెట్టుకున్న సమావేశంలో, విశ్రాంత భూగోళశాస్త్ర అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం. మాటలు చాలావరకు ఉన్నవి ఉన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుస దాకా వినబడుతోందా? సరే. బాబూ, ఈ ఫ్యాను ఒక్కటీ ఆపండి. కాసేపట్లో అగ్గిపుల్ల వెలిగించాలి.

మన ఇళ్లలో దీపం ఆరిపోయిందని అనరు. నేను చిన్నప్పుడు అలా అంటే మా అమ్మ కసిరేది. దీపం కొండెక్కింది అనాలట. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, ఆయన ఫాల్గుణ మాసంలో కొండవాలు మీద ఎండుగడ్డి అంటుకోవడం చూసినవాడు మాత్రం కాదు. దీపం కొండెక్కితే ఆరుతుంది. మంట కొండెక్కితే పట్టపగ్గాలుండవు. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా దాదాపు ఆ ఒక్క తేడా గురించే.

మీ సెక్రటరీ గారు ఫోన్ చేసి, ‘మాస్టారూ, కార్చిచ్చు గురించి ఒక గంట చెప్పండి, కానీ మావాళ్లని భయపెట్టకండి, నడక మానేస్తారు’ అన్నారు. భయపెట్టను. కానీ ఒక అలవాటు మార్చుకోమంటాను. దూరంగా మంట కనబడితే మనమందరం అది ఎంత పెద్దదా అని చూస్తాం. అది అసలు ప్రశ్నే కాదు. అది ఎటు పోతుంది, మనం దానికి ఏ పక్కన ఉన్నాం అన్నది ప్రశ్న. దానికి జవాబు మంటలో ఉండదు. గాలిలో ఉంటుంది, నేల వాలులో ఉంటుంది.

సంస్కృతంలో అగ్నికి బోలెడు పేర్లున్నాయి. వాటిలో మూడు నాకు చాలా ఇష్టం. ఒకటి వాయుసఖుడు, గాలికి స్నేహితుడు. రెండోది ఆశ్రయాశుడు. తనకు ఆశ్రయమిచ్చినదాన్నే తినేవాడని అర్థం. కట్టె చోటిస్తుంది, ఆ కట్టెనే తినేస్తాడు. మూడోది కృష్ణవర్త్ముడు, నడిచిన దారి నల్లబడేవాడు. అడవి మంటల శాస్త్రం ఇవాళ మూడింటిని లెక్కలోకి తీసుకుంటుంది. గాలీ ఎండా ఒకటి, మంటకు మేత ఒకటి, నేల తీరు ఒకటి. మొదటి రెండూ ఈ పేర్లలోనే ఉన్నాయి. వాలుకు సంబంధించిన పేరు మాత్రం నాకు దొరకలేదు. ఇక్కడ పండితులెవరైనా ఉంటే తర్వాత టీ దగ్గర చెప్పండి. ఆ మూడో పేరు, నల్ల దారి, మనసులో పెట్టుకోండి. దాని మీద ఒక మనిషి ప్రాణం నిలిచిన కథ ఉంది.

ఇప్పుడు అగ్గిపుల్ల. చూడండి, వెలిగించి తలను పైకి పెట్టి పట్టుకున్నాను. మంట నెమ్మదిగా కిందికి దిగుతోంది. ఆరిపోయినా ఆరిపోతుంది. అదిగో, ఆరింది. ఇంకొకటి. ఈసారి తల కిందికి. అబ్బా! (నవ్వులు) వేలు కాలింది చూశారా? అదే పుల్ల, అదే చెయ్యి. వాలు ఒక్కటే మారింది.

ఏం జరిగింది? కట్టె నేరుగా మండదు. ముందు దానిలో నీరు ఆవిరైపోవాలి. పొయ్యిలో పచ్చికట్టె పెడితే చివర బుస్సుమని నురగ రావడం మీరు చూసే ఉంటారు, గ్యాసు రాకముందు పుట్టినవాళ్లయితే. తర్వాత వేడికి కట్టె విడిపోయి ఆవిర్లు వదులుతుంది. నిజానికి మండేది ఆ ఆవిరి. సుమారు 300 డిగ్రీల దాకా వేడెక్కితే గానీ ఆ పని జరగదు. అంటే మంట ముందుకు సాగాలంటే తన ముందున్న గడ్డిని ముందుగా ఎండబెట్టి, వేడిచేసి, సిద్ధం చేసుకోవాలి. చదును నేల మీద, గాలి లేనప్పుడు మంట నిటారుగా నిలబడి తన వేడిలో ఎక్కువ భాగం ఆకాశానికి ధారపోస్తుంది. అదే కొండవాలు మీదైతే పైనున్న గడ్డి మంట మొహం దగ్గరికే వచ్చి కూర్చుంటుంది. పైకి లేచే వేడిగాలి కూడా ఆ వాలునే రాసుకుంటూ పోతుంది. ఆ గడ్డి తన వంతు రాకముందే తయారైపోతుంది.

ఆస్ట్రేలియాలో అలన్ మెక్‌ఆర్థర్ అనే అటవీ శాస్త్రవేత్త 1960ల్లో వందలాది మంటలను కొలిచి ఒక మోటు లెక్క చెప్పాడు. ఎగువకు ప్రతి 10 డిగ్రీల వాలుకూ మంట వేగం రెట్టింపవుతుంది. 10 డిగ్రీల దగ్గర రెండు రెట్లు, 20 దగ్గర నాలుగు, 30 దగ్గర ఎనిమిది. ఇప్పుడు మన సంగతి చూడండి. చదును మీద గంటకు ఐదు కిలోమీటర్లు నడిచేవాడు 30 డిగ్రీల వాలు మీద రెండు నడిస్తే గొప్ప, అదీ మీ బృందంలో కుర్రాళ్లు. నాలాంటివాడు మధ్యలో కూర్చుని నీళ్లు తాగుతాడు. వాలు పెరిగేకొద్దీ మనం మెల్లబడతాం, మంట వేగం పుంజుకుంటుంది. కొండ మీద జరిగే ఘోరాలన్నిటికీ మూలం ఈ లెక్కే.

30 డిగ్రీలంటే ఎంతో అనుకోకండి. మీ ఇంటి మేడమెట్ల వాలు ఇంచుమించు అంతే ఉంటుంది. మెట్లంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ఇది అడవి కథ కాదు, లండన్ నగరంలో భూగర్భ రైల్వే కథ. 1987 నవంబరు 18 సాయంత్రం కింగ్స్ క్రాస్ స్టేషన్లో ఒక చెక్క ఎస్కలేటరు కింద చిన్న మంట లేచింది. ఎవరో పారేసిన అగ్గిపుల్ల సందుల్లోంచి జారి, కింద పేరుకున్న గ్రీజు, పీచు మీద పడింది. చూసినవాళ్లకి అదేదో అట్టపెట్టె కాలుతున్నంత మంటలాగే కనబడింది. కొద్ది నిమిషాల్లో ఉన్నట్టుండి మెట్ల వెంట పైకి ఎగదన్ని, టికెట్లు ఇచ్చే హాలును ముంచేసింది. 31 మంది చనిపోయారు. ఇది ఎలా జరిగిందో మొదట ఎవరికీ అంతుబట్టలేదు. కంప్యూటరులో లెక్కకట్టిన శాస్త్రవేత్తలకు మంట పైకి లేవకుండా మెట్ల మీద పడుకుని పాకుతున్నట్టు వచ్చింది. లెక్క తప్పేమో అనుకున్నారు. చివరికి నమూనా ఎస్కలేటరు కట్టి తగలబెట్టి చూశారు. లెక్కే నిజం. రెండు పక్కలా గోడలున్న వాలు కాలువలో మంటకు పక్కనుంచి చల్లగాలి అందదు. అందుకని అది నేలకి అతుక్కుపోతుంది, పైనున్నదాన్నంతా ఒకేసారి వేడెక్కిస్తుంది, తర్వాత ఒక్క ఊపున పోతుంది.

ఇప్పుడు మన కొండల్లో అలాంటి ‘రెండు పక్కలా గోడలున్న వాలు కాలువ’ ఏదో మీరే చెప్పండి. గెడ్డ! మనం గెడ్డ అంటాం, మిగతా జిల్లాలవాళ్లు వాగంటారు. వేసవిలో నీళ్లుండవు. అడుగున ఎండుటాకులు మోకాలి లోతు ఉంటాయి. ముడసర్లోవ పేరు చివర ఉన్న లోవ అంటే లోయే కదా. ఆ వైపు సింహాచలం కొండలకీ కంబాలకొండకీ ఎన్ని గెడ్డలు దిగుతాయో మీకు నాకంటే బాగా తెలుసు. దారి సులువని మీరు ఎక్కేది కూడా చాలాసార్లు గెడ్డ వెంటే. వానాకాలం తర్వాత ఎక్కండి, హాయిగా ఉంటుంది. మార్చి మధ్యాహ్నం కింద పొగ కనబడినప్పుడు మాత్రం గెడ్డ అంటే పొయ్యిగొట్టం.

ఇది చెప్పాలా వద్దా అనుకున్నాను. చెబుతాను. 2018 మార్చి 11, ఆదివారం. తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో, మీలాగే సెలవురోజు కొండెక్కిన జట్లు దిగివస్తుండగా కార్చిచ్చులో చిక్కుకున్నాయి. నిలువెత్తు ఎండుగడ్డి, నిట్టనిలువు వాలు, మధ్యాహ్నం వేళ. ఇరవై మందికి పైగా చనిపోయారు, అందులో చాలామంది ఆడపిల్లలు. వాళ్లేదో తెలివితక్కువ పని చేశారని నేననను. పొగ కింద ఉంటే పైకి పరుగెత్తడం, దారి తెలియకపోతే లోయలోకి దిగడం, ఎవరైనా చేసే పనులే. అందుకే ముందుగా తెలిసి ఉండాలంటున్నాను.

నల్ల దారి కథ కూడా ఇక్కడే చెప్పేస్తాను. అమెరికాలో మాంటానా రాష్ట్రం, మిస్సోరీ నది ఒడ్డున మాన్ గల్చ్ అనే లోయ. 1949 ఆగస్టు 5. పారాచూట్లతో దిగి మంటలార్పే జట్టు ఒకటి, అక్కడే ఉన్న కాపలాదారు ఒకరు, మొత్తం 16 మంది. నది వైపు దిగుతుంటే మంట వాళ్లకీ నదికీ మధ్య అడ్డం తిరిగింది. వెనక్కి తిరిగి వాలు ఎక్కడం మొదలుపెట్టారు. ఎండుగడ్డి, కింది నుంచి గాలి. మంట వెనకే తరుముకొస్తోంది. నాయకుడు వాగ్నర్ డాడ్జ్ ఆగి, జేబులోంచి అగ్గిపుల్ల తీసి, తన ముందున్న గడ్డికి తానే నిప్పు పెట్టాడు. పిచ్చెక్కిందనుకున్నారు మిగతావాళ్లు. ఆ చిన్న మంట పైకి పాకిపోగానే, కాలిన నల్లటి నేలలోకి దూకి బోర్లా పడుకున్నాడు. రమ్మని పిలిచాడు. ఎవరూ ఆగలేదు. అటువంటిది వాళ్లకి ఎవరూ ఎప్పుడూ నేర్పలేదు. పెద్ద మంట వచ్చి అతని పక్కనుంచి పోయింది, అతని చుట్టూ తినడానికి ఏమీ మిగల్లేదు మరి. డాడ్జ్ బతికాడు. కొండ శిఖరం దగ్గర రాతి చీలికలోంచి అవతలికి దాటిన ఇద్దరు కుర్రాళ్లు బతికారు. 13 మంది పోయారు.

ఆశ్రయాశుడు ఒకసారి తిన్న విస్తరిలో మళ్లీ తినడు. ఒకసారి కాలిన నేల మళ్లీ కాలదు. అలాగని మీరు జేబులో అగ్గిపెట్టెలు పెట్టుకుని కొండెక్కకండి, అది కసరత్తు చేసినవాళ్ల పని. పైగా రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 నాటి మన అటవీ చట్టం ప్రకారం నేరం. గుర్తుంచుకోవలసిందల్లా, నల్లగా కాలిపోయిన చోటు, బోడి బండరాయి, నీళ్లున్న చోటు మనవి. పచ్చగా కనబడేదంతా మనది కాదు.

ఇక గాలి. ఇది విశాఖవాళ్లకి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పినట్టే. జాలరిపేటలో ఏ పెద్దాయన్ని అడిగినా చెబుతాడు. మోటార్లు రాకముందు తెల్లవారుజామున కొండగాలి మీద తెప్ప వేసుకుని వేటకు పోయేవారు, మధ్యాహ్నం సముద్రపు గాలికి తెరచాప ఎత్తి తిరిగొచ్చేవారు. నేల తొందరగా వేడెక్కుతుంది, సముద్రం ఆలస్యంగా వేడెక్కుతుంది. పొద్దెక్కాక నేల మీది గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి సముద్రం గాలి వస్తుంది. రాత్రికి తిరగబడుతుంది. కొండకీ ఇదే ధర్మం. పగలు ఎండకి వాలు వేడెక్కి గాలి పైకి పాకుతుంది, రాత్రి చల్లబడి బరువెక్కి కిందికి జారుతుంది. కైలాసగిరి సముద్రం వైపు వాలు మీద మధ్యాహ్నం రెండు గంటలకి ఈ రెండూ కలుస్తాయి. సముద్రపు గాలీ పైకే, వాలుగాలీ పైకే. పైగా కొండ ఏటవాలు. మూడూ ఒకవైపే లాగుతాయి. ఒక్కటే ఊరట, సముద్రపు గాలిలో తేమ ఉంటుంది. ఎండుగడ్డి మొద్దులాంటిది కాదు, పూచికపుల్ల సన్నం కాబట్టి గంటలోపే గాలిలోని తేమ పీల్చి మెత్తబడుతుంది. అంతే తొందరగా ఎండుతుంది కూడా.

గాలి మంటకి మూడు పనులు చేస్తుంది. కొత్త ఊపిరి ఇస్తుంది, అది మనకి పొయ్యి దగ్గర ఊదుడుగొట్టం నేర్పింది. మంటని ముందుకి వంచి ముందున్న మేతను వేడెక్కిస్తుంది, అంటే చదును నేలని కూడా కొండవాలులా మారుస్తుంది. మూడోది రవ్వల్ని మోస్తుంది. ఎండు తాటి మట్ట అంటుకుని ఎగిరితే ఎంత దూరం పోతుందో మీరు చూసే ఉంటారు. ఆస్ట్రేలియాలో యూకలిప్టస్ బెరడు పీలికలు మండుతూ 30 కిలోమీటర్లు పైగా పోయి కొత్త మంటలు పెట్టిన సందర్భాలున్నాయి. మనవి అంత పోవు. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా కాలేది నేల మీది ఆకూ గడ్డే. చెట్ల తలలు అంటుకునే మంటలు అరుదు. కానీ ఒక గెడ్డ దాటడానికి, ఒక కాలిబాట దాటడానికి రవ్వ ముప్పై కిలోమీటర్లు పోనక్కర్లేదు కదా.

వేగం సంగతి. ఆస్ట్రేలియా, కెనడా పరిశోధకులు ఇద్దరు 2019లో ఒక సులభమైన లెక్క ఇచ్చారు. అడవి బాగా ఎండి, గాలి గట్టిగా ఉన్నప్పుడు మంట వేగం గాలి వేగంలో సుమారు పదో వంతు ఉంటుంది. గాలి గంటకు 40 కిలోమీటర్లయితే మంట నాలుగు. అంటే మన నడకతో సమానం. గడ్డి మైదానంలో ఇంకా చాలా ఎక్కువ. ఇది చదును నేల లెక్క. మేడమెట్ల వాలును మీరే కలుపుకోండి.

అయితే గాలి ఎంత గట్టిగా ఉందన్నదానికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది గాలి తిరగడం. దీనికి ఉదాహరణగా పెద్ద పుస్తకం ఏదీ అక్కర్లేదు. నా పరువు నేనే తీసుకుంటాను. (నవ్వులు)

కొమ్మాది వైపు నాకొక చిన్న ఇంటి స్థలం ఉంది. కొన్నేళ్ల క్రితం ఏప్రిల్లో దానినిండా నడుమెత్తు ఎండుగడ్డి. కూలి మనుషులు దొరకలేదు, దొరికినా నేను పిసినారిని. పొద్దున్న తొమ్మిదికి వెళ్లాను. గాలి పడమర నుంచి మెల్లగా వీస్తోంది. తూర్పున ఇటుక గోడ. ఇంకేం, పడమర కొసన అంటిస్తే తూర్పుకి పోయి గోడ దగ్గర ఆగుతుందని లెక్కేశాను. భూగోళం చెప్పి ముప్పై ఏళ్లు జీతం తీసుకున్నవాణ్ణి కదా. అలాగే పోయింది. సన్నగా, పొడుగ్గా, ఒక పాము పాకినట్టు. ముందు తల చిన్నది, పక్కలు రెండూ పొడుగు. పక్కల మంట మెల్లగా గుడ్లప్పగించి చూస్తూ ఉంది. నేను సెల్‌లో మా ఆవిడకి ‘పనైపోయింది’ అని చెబుతున్నాను.

పదకొండు దాటింది. సముద్రపు గాలి వచ్చింది. రోజూ వచ్చేదే! దక్షిణం నుంచి ఒక్క విసురు. నేను పాము పక్కటెముకలనుకున్నది మొత్తం ఒక్కసారిగా తలకాయ అయింది. గజం వెడల్పు తల పోయి, స్థలం పొడుగంతా తలే. ఉత్తరం వైపు పొరుగాయన గేదెల పాక, తాటాకు కప్పు. గేదెల్ని విప్పేశారు, దేవుడి దయ. పాక కప్పు పోయింది. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడిన మాటలు సభలో చెప్పలేను.

ఇదే సంగతి ఒక రాష్ట్రం మొత్తం మీద జరిగితే ఎలా ఉంటుందో 2009 ఫిబ్రవరి 7న ఆస్ట్రేలియాలో విక్టోరియా వాళ్లు చూశారు. ఆ రోజు మెల్బోర్న్‌లో 46.4 డిగ్రీలు. ఎడారి మీంచి వాయవ్యపు వడగాలి. కిల్‌మోర్ ఈస్ట్ దగ్గర కరెంటు తీగ నుంచి పుట్టిన మంట ఆగ్నేయంగా సన్నగా, పొడుగ్గా పరుగెత్తింది. సాయంత్రానికి నైరుతి నుంచి చల్లగాలి వచ్చింది. చల్లగాలంటే జనం ఊపిరి పీల్చుకోవాలి కదా? ఆ గాలికి కిలోమీటర్ల పొడవున్న పక్క మొత్తం ముఖమైపోయింది. అప్పటిదాకా మంట మాకు దూరంగా, మా పక్కనుంచి పోతోంది అనుకున్న ఊళ్ల మీద పడింది. ఆ రోజు రాష్ట్రంలో లేచిన మంటలన్నిట్లో కలిపి 173 మంది చనిపోయారు. ఆ గాలి మారుతుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది కూడా. నాకూ ముందే తెలుసు, మన ఊళ్లో సముద్రపు గాలి వస్తుందని. తెలిసుండడం వేరు, ఆ పూట గుర్తుండడం వేరు.

మన దగ్గర మే నెలలో ఇది ఇంకాస్త మెలికగా ఉంటుంది. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు సముద్రపు గాలిని లోపలికి రానివ్వదు. కనుమల మీంచి కిందికి దిగే గాలి ఒత్తిడికి నలిగి, కిలోమీటరు దిగితే దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. అందుకే ఆ రోజుల్లో సముద్రం పక్కనే ఉన్నా మనం మాడిపోతాం. ఆ గాలికి తేమ ఉండదు, గడ్డి అప్పడంలా విరుగుతుంది. ఆ తర్వాత ఏ మూడింటికో సముద్రపు గాలి గెలిస్తే, గాలి పూర్తిగా అడ్డం తిరుగుతుంది. అలాంటి రోజున కొండ మీద ఉంటే, పొగ ఎటు వాలుతోందో ఒకసారి చూసి ఊరుకోకూడదు. చూస్తూనే ఉండాలి.

ఇక్కడొక మాట. మంట ఎప్పుడూ పైకే పోతుందని నేను చెప్పానని రాసుకోకండి. వాలు ఒకవైపు, గాలి ఒకవైపు లాగితే, గాలి గట్టిదైతే గాలిదే గెలుపు. 2023 ఆగస్టు 8న హవాయి దీవుల్లో లహైనా అనే తీరపట్టణం తగలబడింది. వంద మందికి పైగా చనిపోయారు. అక్కడ మంట కొండెక్కలేదు, కొండ దిగి సముద్రం దాకా వచ్చింది. కొండ దాటి దిగే పెనుగాలి, చెరకు తోటలు మానేశాక పెరిగిన ఎండుగడ్డి. ఒకవైపు కొండ, కింద ఊరు, ఆపైన సముద్రం. నాకు మాత్రం ఆ బొమ్మ చూడగానే మన కొండవాలు వాడలు గుర్తొచ్చాయి. మన గాలులు అంత భీకరం కావు, మన గడ్డి వేరు. అయినా కొండ దిగువన ఇల్లున్నవాళ్లు మంట పైకి పోతుందిలే అని నిద్రపోకూడదు. పైగా గాలి లేకపోయినా నిప్పు కిందికి వచ్చే దారి ఒకటుంది. కాలుతున్న మొద్దు, ఈత బోదె, దొర్లుతుంది. దొర్లి కింద కొత్త మంట పెడుతుంది. అది మళ్లీ ఎక్కడం మొదలుపెడుతుంది.

ఏ వాలు ముందు ఎండుతుందన్నది ఇంకో లెక్క. విదేశీ పుస్తకాల్లో దక్షిణం వైపు వాలు బాగా ఎండుతుంది, ఉత్తరం వైపు పచ్చగా ఉంటుంది అని ఉంటుంది. అది మంచు దేశాల లెక్క. మన ఊరు 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. అప్పుడు ఉత్తరమైనా దక్షిణమైనా ఒకటే. కానీ శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా సూర్యుడు దక్షిణంగానే ఉంటాడు కాబట్టి, ముందుగా ఎండేది దక్షిణపు వాలే. తర్వాత మధ్యాహ్నపు ఎండ, పడమటి గాలి తినే పడమటి వాలు. సముద్రం మొహం చూసే తూర్పు వాలు కాస్త ఆలస్యం.

రాత్రి సంగతి క్లుప్తంగా. రాత్రి చల్లబడితే మంట పడుకుంటుంది అనుకుంటాం. లోయ అడుగున నిజమే. లంబసింగిలో పొగమంచు అడుగున కూర్చోవడం చూశారు కదా, చల్లగాలి బరువుగా జారి లోయలో నిండుతుంది. దాని పైన, కొండ నడుమున, ఒక వెచ్చటి పట్టీ ఉంటుంది. అడుగూ చలి, శిఖరమూ చలి, నడుము వెచ్చన. మంట రాత్రంతా మేలుకునేది ఆ నడుము దగ్గరే.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. దట్టమైన చెట్ల కింద గాలి మెల్లగా ఉంటుంది, నేల తడిగా ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన కొండల్ని ఎలా బోడి చేసిందో మీకు గుర్తుండే ఉంటుంది. చెట్టు పడితే మూడు నష్టాలు. పడిన కొమ్మలు మేత అవుతాయి. ఎండ నేలదాకా దిగుతుంది. గాలి కూడా నేలదాకా దిగుతుంది. ఆ ఖాళీలో ముందు మొలిచేది గడ్డే. అందుకని తుపానుకీ కార్చిచ్చుకీ చుట్టరికం లేదనుకోకండి. తుపాను వెళ్లిపోయాక కొన్ని వేసవుల దాకా ఆ బాకీ ఉంటుంది.

సరే, నా గొంతు కూడా ఎండుతోంది. ప్రశ్నలు అడగండి.

(కొండ మీద ఉండగా కింద పొగ కనబడితే ఏం చెయ్యాలని ఒకరు అడిగారు.)

ముందు ఆగి, పొగ ఎటు వాలుతోందో చూడండి. పొగ మీ వైపు వాలి, మీరు పైన ఉంటే, మీరు దాని దారిలో ఉన్నారన్నమాట. శిఖరానికి పరుగెత్తకండి, రెండు అంగల్లో అవతలికి దాటిపోయేటట్టుంటే తప్ప. అడ్డంగా పక్కకి నడవండి, దాని దారి తప్పించుకోండి. తర్వాత కిందికి, వీలైతే కాలిపోయిన నేల వైపు. గెడ్డలోకి దిగకండి. రెండు శిఖరాల మధ్య కనుమ దగ్గర నిలబడకండి, గాలి అక్కడ గొట్టంలో దూరినట్టు దూరుతుంది. 101కో 112కో చెప్పండి. ఇంకోటి అమ్మా, మీ అందరి ఒంటి మీదా ఉన్న ఆ మెరిసే ట్రెక్కింగ్ చొక్కాలు నైలాన్, పాలిస్టరు. వేడికి కరిగి చర్మానికి అంటుకుంటాయి. వేసవిలో నూలు చొక్కా వేసుకోండి, చెమట పట్టినా పరవాలేదు.

(ఉపగ్రహాలు చూస్తున్నాయి కదా, ఇంత టెన్షన్ ఎందుకని ఒక యువకుడు అడిగాడు.)

చూస్తున్నాయి బాబూ. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు ఉపగ్రహాల సమాచారంతో అటవీ సిబ్బందికి ఫోన్లకే హెచ్చరికలు పంపుతారు. మంచి ఏర్పాటు. కానీ ఇప్పుడు వాడే వాటిలో మెరుగైనదానికి కూడా ఒక చుక్క అంటే 375 మీటర్లు. అది మన మీద నుంచి పోయేది సుమారు మధ్యాహ్నం ఒకటిన్నరకీ, రాత్రి ఒకటిన్నరకీ. రెండున్నరకి అంటుకున్న గడ్డి దానికి ఎప్పుడు తెలియాలి? ఈలోగా ఆ సంగతి తెలిసేది గాలి ఒక్కదానికే.

(వెనక వరుస నుంచి ఒకావిడ: మాస్టారూ, ఆ పాక సంగతేమైంది?)

అయ్యో, అది వదిలిపెట్టరా! (నవ్వులు) కొత్త తాటాకు నేనే కప్పించానమ్మా. కూలి మనుషులకి మిగిల్చిన డబ్బుకి పదింతలైంది. ఆరు నెలలు ఆయన నా మొహం చూడలేదు. తర్వాత ఒకరోజు వెళితే పాక మీద వెదురు కర్ర కట్టి, దానికి ఎర్ర గుడ్డపీలిక వేలాడదీశాడు. దిష్టికేమో అనుకున్నాను. ‘ఏటండీ అది’ అంటే, ‘గాలి చూసుకోడానికి మాస్టారూ. తమరు అగ్గిపెట్టెతో వస్తే ఏ పక్కకి పరిగెట్టాలో మాకు తెలవాల కదేటి’ అన్నాడు.